ఒరిగిన ట్యాంకులో గాలి

ఇంట్లో ఆమెను గొట్టాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మరిది. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతను లెక్కల పరీక్షంటే కడుపునొప్పి తెచ్చుకునే బడిపిల్లాడు. మా వదిన పెద్ద ఆఫీసులో పనిచేస్తుందని స్నేహితుల దగ్గర గొప్పలు పోతే, ఏం పని అని వాళ్ళు నిలదీశారట. ఇంటికొచ్చి వదినను అడిగాడు. నీళ్ళ అడుగున ఒక బోలు గొట్టం ఉందనుకో, దాని మీదికి చప్పుడు పంపితే అది ఎటెటు చెదురుతుందో, ఎలా తిరిగొస్తుందో లెక్క కడతాను అని ఆమె చెప్పింది. అతను కాసేపు బుర్ర గోక్కుని, "అయితే నువ్వు గొట్టాలమ్మవన్నమాట" అన్నాడు. బయట ఎవరినైనా గొట్టంగాడు అంటే కొట్లాటవుతుంది. ఆ ఇంట్లో మాత్రం అది ముద్దుపేరైంది.

అత్తగారికి ఆ ఉద్యోగం ఏళ్ళు గడిచినా కొరుకుడు పడలేదు. గొట్టాన్ని కొడితే చప్పుడవుతుంది, ఆ ముక్క తెలుసుకోవడానికి అన్నేళ్ళు చదవాలా అనేది ఆవిడ సందేహం. భర్తది కళ్ళజోళ్ళ దుకాణం. ఆయన మాత్రం భార్య తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు. వెలుగు అద్దంలోంచి ఎలా వంగుతుందో నాకు తెలుసు, చప్పుడు గొట్టం చుట్టూ ఎలా తిరుగుతుందో దానికి తెలుసు, ఇద్దరిదీ ఒకే వ్యాపారం అని చెప్పి తల్లిని నవ్వించేవాడు.

ఆమె పనిచేసే ప్రయోగశాల రేవు వెనకాల ఉంది. కింద అంతస్తులో ఈతకొలనంత సిమెంటు తొట్టి. అందులో రకరకాల గొట్టాలు తాళ్ళతో వేలాడదీసి, చప్పుడు పంపి, తిరిగొచ్చినదాన్ని కొలిచే ఇంజినీరు ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని కొలతలాయన అనేవారు. చొక్కా చేతులు ఎప్పుడూ తడిసే ఉండేవి. పై అంతస్తులో కిటికీ పక్కన కంప్యూటరు ముందు ఈమె. ఆయన కింద కొలిచేది ఈమె పైన ముందే లెక్కకట్టి చెప్పాలి. రెండూ కలిస్తే ఆ రోజు ఇద్దరికీ పండగ. కలవకపోతే మీ లెక్క తప్పని ఆయన, మీ తొట్టి తప్పని ఈమె మెట్ల మీద నిలబడి వాదించుకునేవారు. ఆ వాదనల్లోనే పదేళ్ళకు పైగా స్నేహం పెరిగింది.

ఆమె లెక్క సారాంశం చెప్పాలంటే పెద్ద కష్టమేమీ కాదు. నీళ్ళలో ఉన్న ఇనప గొట్టానికి చప్పుడు తగిలితే మొదట దాని ముఖం మీంచి ఒక గట్టి జవాబు వస్తుంది. అంతటితో అయిపోదు. కొంత చప్పుడు ఇనుములోకి దూరి, గాజు చుట్టూ చీమ తిరిగినట్టు గొట్టం గోడ వెంబడే చుట్టూ తిరిగి, ఆలస్యంగా మరో చిన్న జవాబు పంపుతుంది. గొట్టం లోపల నీళ్ళుంటే ఇంకొంత చప్పుడు లోపలికి వెళ్ళి, అవతలి గోడకు తగిలి, మూడో జవాబుగా తిరిగొస్తుంది. లోపల గాలి ఉంటే ఆ మూడోది రాదు. చప్పుడు గాలి గుమ్మం దగ్గరే వెనుదిరుగుతుంది. ఎప్పుడు ఏ జవాబు ఎంత గట్టిగా వస్తుందో చెప్పగలిగితే, దిగి చూడకుండానే గొట్టంలో ఏముందో చెప్పవచ్చు.

ఆ లెక్కలో ఒక వెసులుబాటు ఉంది. గొట్టానికి మొదలూ చివరా లేవనుకోవడం. చివరలు ఉన్నాయని ఒప్పుకుంటే లెక్క చేయి దాటిపోతుంది. పొడుగాటి గొట్టాన్ని నడిమి నుంచి చూసేటప్పుడు ఆ వెసులుబాటు వల్ల నష్టమేమీ లేదు. ఆ రంగంలో అందరూ చేసే పనే అది.

ఒక గాలివానలో రేవు ముఖద్వారం దగ్గర బార్జి ఒకటి మునిగింది. బల్లపరుపుగా ఉండే ఆ సరుకుల పడవ మీద, ఇనప పట్టీలతో బిగించిన పొడుగాటి ట్యాంకు ఉంది. అడుగున కూర్చుని అది ఓడల దారికి అడ్డం పడింది. దాన్ని బయటికి తీసే పని ఒక కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీలో నీటి అడుగున పట్టీలు కోసే డైవర్లలో మరిది ఒకడు. లెక్కల్లో గట్టెక్కలేక నీళ్ళలో దూకానని అతనే చెప్పుకుని నవ్వేవాడు. ఇప్పుడు అతనికి పెళ్ళయింది, ఇద్దరూ మేడ మీద వాటాలో ఉంటారు.

పట్టీలు కోసేముందు తెలియాల్సిన సంగతి ఒకటే. ట్యాంకులో నీళ్ళున్నాయా, గాలి ఉందా? నీళ్ళుంటే అది బుద్ధిగా పడి ఉంటుంది, క్రేనుతో లేపుకోవచ్చు. గాలి ఉంటే నీళ్ళలో ముంచి పట్టుకున్న బంతిలాంటిది. పట్టీ తెగిన మరుక్షణం పైకి ఎగురుతుంది, దాని పక్కనున్న మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. మునిగేటప్పుడు మూత ఊడిపోవడం చూశామని బార్జివాళ్ళు చెప్పారు కాబట్టి నీళ్ళే నిండి ఉంటాయని అందరూ అనుకున్నారు. రేవు అధికారి మాత్రం జాగ్రత్త మనిషి. ఏదైనా ఒకరు రూఢిగా చెబితే బాగుంటుందని ప్రయోగశాలను అడిగాడు.

కొలతలాయన పడవ మీద వెళ్ళి చప్పుడు పంపి, జవాబులు పట్టుకొచ్చాడు. ఆమె వాటిని తన లెక్క పక్కన పెట్టి చూసింది. మొదటి జవాబు, గోడ చుట్టూ తిరిగొచ్చిన రెండోది, లోపలి నీళ్ళలోంచి వచ్చిన మూడోది, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ట్యాంకు ఒక కొస దగ్గర మాత్రం బార్జి రెయిలింగు వంగి అడ్డంగా ఉండటంతో అన్నీ పలచగా, చెదురుగా వచ్చాయి. అది రెయిలింగు పుణ్యమే అనుకుని ఆ ముక్కను పక్కన పెట్టింది. ట్యాంకులో నీళ్ళే ఉన్నాయని రాసి సంతకం పెట్టింది. ఇన్నాళ్ళకు తన గొట్టాలు నలుగురికి ఉపయోగపడ్డాయని ఆ సాయంత్రం లోలోపల మురిసిపోయింది కూడా.

మర్నాడు ఆదివారం. అందరూ కలిసి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. సోమవారం పొద్దున పట్టీలు కోస్తారు. శనివారమే మరిది ఒకసారి కిందికి దిగి తడిమి వచ్చాడు. అక్కడ నీళ్ళు చిక్కటి మట్టినీళ్ళు, కళ్ళున్నా లేనట్టే, చేతులే కళ్ళు అని చెబుతున్నాడు. అత్తగారు అలాంటి మాటలు అన్నం దగ్గర వద్దంటోంది. అతను తల్లిని పట్టించుకోకుండా వదిన వైపు తిరిగాడు.

"ట్యాంకు చదునుగా లేదు వదినా. మూత ఉన్నవైపు బురదలో కూరుకుపోయింది. రెండో వైపు లేచి ఉంది, దాని కింద నేను దూరిపోగలను."

ఆమె చెయ్యి పళ్ళెంలోనే ఆగింది. "ఎంత లేచింది?"

"నా భుజం దాకా ఉంటుంది. పట్టీలు ఆ చివరే ఉన్నాయి. నువ్వు రాసిచ్చావు కదా, రేపు కళ్ళు మూసుకుని కోసేస్తా."

బల్ల మీద సగం నీళ్ళున్న సీసా ఉంది. ఆమె దాన్ని ఎడమచేత్తో అడ్డంగా పడుకోబెట్టి, అడుగు భాగాన్ని కొంచెం పైకెత్తింది. మూత వైపు నీళ్ళు చేరాయి. గాలంతా జారి, లేచిన అడుగులోకి వెళ్ళి కూర్చుంది. మూత తీసి నీళ్ళలో ముంచినా ఆ గాలి అక్కడే ఉంటుంది, దానికి బయటికి పోయే దారి లేదు. తను నీళ్ళున్నాయని చెప్పింది నిజమే, నడిమి భాగం వరకు. తన లెక్కలో గొట్టానికి చివరే లేదు. మరిది కొయ్యబోయేది సరిగ్గా ఆ చివరే.

ఆమె పళ్ళెం పక్కకు జరిపి లేచింది. ఏమైందని భర్త అడిగాడు. ఆఫీసుకు వెళ్ళొస్తానంది. అత్తగారు ముద్ద సగంలో లేవకూడదని గొణిగింది. మరిది నవ్వబోయి, వదిన ముఖం చూసి మానేశాడు. "నేను ఫోన్ చేసేదాకా నువ్వు ఎవరికీ సరే అనకు" అని మాత్రం అతనికి చెప్పి, చెప్పులు వేసుకుంది.

భర్త స్కూటరు మీద దింపాడు. కొలతలాయనకు దారిలోనే ఫోన్ చేసింది. ఆయన మనవరాలిని ఆడిస్తున్నవాడు ఇంటి బట్టలతోనే వచ్చేశాడు. రెయిలింగు అడ్డొచ్చిందని వదిలేసిన ఆ పలచటి ముక్కను ఇద్దరూ బయటికి తీశారు. ఈసారి ఆమె గొట్టంలో గాలి ఉందనుకుని లెక్క కట్టింది. మూడో జవాబు రావలసిన చోట ఏమీ లేదు. రెండోది రావలసిన చోట మాత్రం చిన్న గుబ్బ, ఉందంటే ఉంది, లేదంటే లేదు.

కొలతలాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తెరకు దగ్గరగా వంగాడు. ఇది గాలే అని తాను ప్రమాణం చెయ్యలేనని, నీళ్ళని మాత్రం అసలు చెయ్యనని అన్నాడు. ఆ చివరను చూడకుండా వదిలింది తానూనని, పడవను అవతలి వైపుకు తిప్పి ఉండాల్సిందని తనంతట తానే ఒప్పుకున్నాడు. ఆమె మనసులో ఉన్న ముల్లు మాత్రం వేరే. దిగేది తన ఇంటి మనిషి కాబట్టే తనకు గాలి కనబడుతోందా? భయం పట్టినవాళ్ళకు తాడు కూడా పామే కదా. అందుకని గాలి లెక్కను మొదటి నుంచి మళ్ళీ కట్టింది. ఈసారి వచ్చిందీ అదే.

రేవు అధికారికి ఫోన్ చేయడమే అన్నిటికంటే కష్టమైంది. తను రాసిచ్చింది తప్పని, సోమవారం కోత ఆపించాలని చెప్పింది. ఓడలు వరసగా బయట నిలబడి ఉన్నాయని, శనివారం ఒకమాట, ఆదివారం ఒకమాట చెబితే తను పైవాళ్ళకు ఏ ముఖం చూపించాలని ఆయన విసుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు దిగేది మీ మరిదని విన్నాను. దానివల్లేనా ఇది?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "అతను దిగకపోతే ట్యాంకు ఒరిగిందన్న సంగతే నాకు తెలిసేది కాదండి. తెలిశాక, దిగేది ఎవరైనా ఇదే చెప్తాను. ఒక్క పూట ఇవ్వండి. అవతలి వైపు నుంచి మళ్ళీ కొలుస్తాం. నీళ్ళే అని తేలితే, కంగారు పడి ఓడలు ఆపించింది నేనేనని మీ పైవాళ్ళకు నేనే చెప్పుకుంటాను."

చివరికి, "కొలవండి. అయినా అది మీరెందుకు చెప్పుకోవడం, రాసివ్వమని అడిగింది నేను కదా" అన్నాడు. ఆ మాటకే ఆమెకు సగం బరువు దిగినట్టయింది.

సోమవారం పొద్దున గాలి లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. కొలతలాయన పడవను రెయిలింగు అడ్డం లేని వైపుకు తిప్పించి, లేచిన చివరకు ఎదురుగా నిలబెట్టాడు. ఆమె ఎప్పుడూ పడవ ఎక్కింది లేదు. లైఫ్ జాకెట్ మెడ దాకా వచ్చి గడ్డానికి గుచ్చుకుంటోంది. కొంచెం దూరంలో కంపెనీ పడవ మీద మరిది కాళ్ళు చాపుకుని కూర్చుని, చెయ్యూపాడు.

చప్పుడు పంపారు. తెర మీద మొదటి జవాబు నిటారుగా లేచింది. తర్వాత రెండోది, ఈసారి గుబ్బ కాదు, ఎవరికైనా కనబడేంత స్పష్టంగా. ఆ తర్వాత గీత చదునుగా సాగిపోయింది. మూడోది లేదు. మళ్ళీ పంపారు, మళ్ళీ అంతే. పడవను నెమ్మదిగా ట్యాంకు నడిమికి జరుపుకుంటూ వస్తే, ఒక చోటికి రాగానే మూడో జవాబు మొలకలా లేచింది. గాలి ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో వేలు పెట్టి చూపించవచ్చు. కొలతలాయన ఆమె వైపు చూసి, ఏళ్ళ తరబడి మెట్ల మీద ఒక్కసారీ ఒప్పుకోని మాట ఒప్పుకున్నాడు.

"మీ లెక్కే కరెక్టమ్మా."

"నిన్నటిదా, మొన్నటిదా?" అంది ఆమె. ఇద్దరికీ నవ్వొచ్చింది. పడవ నడిపేవాడు ఈ ఇద్దరికీ ఎండ తగిలిందేమో అనుకున్నట్టు చూశాడు.

ఆ తర్వాత పని తేలిక. పట్టీలు ఉన్నంతవరకు ట్యాంకు పైకి ఎగరదు కాబట్టి ముందు గాలిని వదిలించాలి, ఆ తర్వాతే కొయ్యాలి. లేచిన చివర పైభాగాన చిన్న రంధ్రం పెడితే చాలు. కంపెనీ మేస్త్రీ రెండు మాటల్లో విని తలూపాడు. డైవరు ఒకరు దిగి, ఇనుముకు అతుక్కునే డ్రిల్లు అమర్చి దూరంగా వచ్చేయాలి, మిగతాది పైనుంచి నడుపుతారు. నేను దిగుతానని మరిది లేచాడు. ఆమె ఆపలేదు. ఆపాలనిపించింది, నోటిదాకా వచ్చింది కూడా. అయితే ఇప్పుడు కింద ఏముందో అతనికి తెలుసు. తెలియకుండా దిగడం వేరు, తెలిసి దిగడం వేరు.

అతను నీళ్ళలోకి జారాడు. తాడు కొంచెం కొంచెంగా వదులుతున్నారు. ఆమె పడవ అంచు పట్టుకుని, తాడు దిగిన చోటే చూస్తూ కూర్చుంది. ఆ కాసేపట్లో ఆమెకు ఏవేవో జ్ఞాపకం వచ్చాయి. గుణకారం ఎక్కాలు అప్పజెప్పమంటే బాత్రూములో దాక్కునేవాడు. పరీక్ష తప్పిన రోజు అన్నకు చెప్పొద్దని తన కొంగు పట్టుకుని ఏడ్చాడు. తాడు ఆగింది. మళ్ళీ కదిలింది. కాసేపటికి అతని తల దూరంగా నీళ్ళ పైకి తేలింది, బొటనవేలు పైకెత్తాడు. మేస్త్రీ డ్రిల్లు నడిపించాడు.

ముందు ఏమీ కాలేదు. తర్వాత నీళ్ళ మీద ఒక బుడగ లేచి పగిలింది. ఇంకోటి. ఆ తర్వాత ఒక్కసారిగా కుండ తెర్లినట్టు నీళ్ళు తెల్లగా పొంగాయి. ఎంతకీ ఆగవు. అంత గాలి మీద కూర్చుని పట్టీ కొయ్యబోయామా అని మేస్త్రీ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఈదుకుంటూ వచ్చి పడవ అంచు పట్టుకున్న మరిది వెనక్కి తిరిగి ఆ పొంగును చూశాడు.

"వదినా, ఇదంతా నా నెత్తి మీదికి లేచేదా?" అన్నాడు.

"లేవలేదు కదా" అంది ఆమె. అతని తడి తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచింది. ఉప్పునీళ్ళు మోచేతి దాకా కారాయి.

బుడగలు సన్నబడి, చివరికి ఆగిపోయాయి. ట్యాంకు లేచిన చివర మెల్లిగా కిందికి దిగి కూర్చుందని కొలతలాయన తెర చూసి చెప్పాడు. మధ్యాహ్నానికి పట్టీలు కోశారు. ఏమీ ఎగరలేదు, ఏమీ కదల్లేదు. రేవు అధికారి గట్టు మీద ఆమెకు తన చేత్తో టీ అందించి, బయట ఓడలు ఒక పూట ఆగినందుకు ఎవరూ చచ్చిపోలేదని, అదే తనకు కావలసిందని అన్నాడు. ఇంకెప్పుడైనా ఇలాంటి పని పడితే ముందు డైవర్లను మీ దగ్గర కూర్చోబెట్టి, వాళ్ళు చేత్తో తడిమింది చెప్పిస్తానని కూడా అన్నాడు. తర్వాత ఆ మాట నిలబెట్టుకున్నాడు. తప్పు ఒప్పుకున్నందుకు ఉద్యోగానికి ఏ ముప్పు వస్తుందో అని ఆమె దారి పొడుగునా పడ్డ భయం, ఒక టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు చల్లారిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి భర్త దుకాణం మూసి గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. ఫోన్ ఎందుకు ఎత్తలేదని కోప్పడబోయి, వెనకాల తమ్ముడిని చూసి ఊరుకున్నాడు. అత్తగారికి జరిగింది మరిదే చెప్పాడు, చేతులు తిప్పుతూ, బుడగల దగ్గర కొంచెం ఎక్కువ చేసి. ఆవిడ అంతా విన్నది. కోడలి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, నిన్న సగంలో లేచావు, ఇవాళ కడుపు నిండా తిను అంటూ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. కాసేపు అక్కడే నిలబడి, "ఆ గొట్టాల పని బాగానే చేస్తున్నావన్నమాట" అంది. పొగడడం ఆవిడకు అలవాటు లేని పని కాబట్టి, అనేసి గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

తిన్నాక ఆమె ముందు గదిలో సోఫా మీద నడుం వాల్చింది. పట్టపగలు పడుకునే మనిషి కాదు. ఒక్క ఐదు నిమిషాలు అనుకుంది. మెలకువ వచ్చేసరికి కిటికీ తెరలు దించి ఉన్నాయి, తల కింద ఎవరో దిండు పెట్టారు, కాళ్ళ మీద దుప్పటి ఉంది. లోపలి గదిలో అన్నదమ్ములు, అత్తగారు, మేడ మీది తోటికోడలు దేనిగురించో వాదించుకుంటున్నారు. చెవి పెట్టి వింటే, స్కూటరుకు పంక్చరు వేయించే పని ఎవరిదని. మరిది తనది కాదంటున్నాడు, తనకు ఒళ్ళు నొప్పులట. అతని గొంతు అందరికంటే పెద్దగా వినబడుతోంది. ఆమె లేవలేదు. దుప్పటి మెడదాకా లాక్కుని, ఆ వాదన ఎటు తేలుతుందో వింటూ అలాగే పడుకుంది.